ఎక్స్‌రే ఫిల్ము మీద గండికోట: ఆకాశం ఎందుకు తెల్లబోయింది?

పెన్నాబాట (కడప):

సభ్యులందరికీ నమస్కారం. కొన్నేళ్లుగా 120 రోలు ఫిల్ముతో తెలుపు నలుపు చిత్రాలు తీస్తున్న నాకు ఈ మధ్యనే ఒక పాత 4×5 ఫీల్డు కెమెరా (4×5 అంగుళాల విడి షీట్ల మీద తీసేది), దానితోపాటు 150 మి.మీ. లెన్సు దొరికాయి. షీటు ఫిల్ము ధర విని గుండె జారిపోవడంతో, ఆసుపత్రి సామాను అమ్మే దుకాణంలో 8×10 అంగుళాల ఎక్స్‌రే ఫిల్ము పెట్టె ఒకటి కొని, ఎర్ర దీపం వెలుగులో ఒక్కొక్క షీటును నాలుగు ముక్కలుగా కోసి హోల్డర్లలో నింపుకొన్నాను.

పోయిన ఆదివారం మధ్యాహ్నం గండికోటలో లోయ అంచున కెమెరా నిలబెట్టాను. నల్లగుడ్డలోంచి తల బయట పెట్టేసరికి ఒక పెద్దాయన పక్కన నిలబడి, "సర్వేకు వచ్చినారా సార్, ఏమన్నా రోడ్డు పడుతుందా?" అని అడిగారు. తలకిందుల బొమ్మను ఆయనకు చూపించి, ఆ తరువాత ఒక్క చోటి వెలుగునే కొలిచే స్పాట్ మీటరుతో ఎండ పడిన ఎర్ర బండను కొలిచి, ఐఎస్‌ఓ 80 ఫిల్ము వేగం లెక్కన, లెన్సు రంధ్రాన్ని ఎఫ్ 22కు మూసి రెండు షీట్లు తీశాను. మొదటిది ఫిల్టరు లేకుండా, రెండవది పసుపు ఫిల్టరు పెట్టి రెండు రెట్ల సమయం ఇచ్చి.

మొదటి షీటును ప్రింటు వేస్తే ఆకాశం తెల్ల కాగితంలా ఉంది, మబ్బుల జాడే లేదు. బండలు మాత్రం బొగ్గులా వచ్చాయి; నీడలో ఉన్నవే కాదు, ఎండలో ఉన్నవి కూడా. రెండవ షీటు మరీ విచిత్రం, బొమ్మను స్థిరపరిచే హైపో ద్రావణంలోంచి తీసేసరికి దాదాపు ఖాళీ గాజులా ఉంది. మీటరు చెడిపోయిందా, షట్టరు చెడిపోయిందా, లేక తప్పు నాదేనా? పెద్దలు చెప్పగలరు.

ఎర్రదీపం (హైదరాబాదు):

పెన్నాబాట గారూ, మీ మీటరూ షట్టరూ నిక్షేపంగా ఉన్నాయని మీ రెండవ షీటే సాక్ష్యం చెబుతోంది. పెట్టెను మళ్లీ ఒకసారి చూడండి. ఎక్స్‌రే ఫిల్ములో రెండు రకాలు వస్తాయి: నీలికాంతిని మాత్రమే గ్రహించేది ఒకటి, నీలంతోపాటు ఆకుపచ్చను కూడా గ్రహించేది మరొకటి. ఆసుపత్రిలో ఆ ఫిల్మును రెండు తెరల మధ్య పెడతారు. ఎక్స్‌ కిరణాలు తగిలినప్పుడు ఆ తెరలు ఏ రంగులో వెలుగుతాయో ఆ రంగుకు తగినట్లే ఫిల్మును తయారు చేస్తారు. కొండలూ కోనలూ దానిమీదికి ఎక్కుతాయని తయారు చేసినవారు కలలో కూడా అనుకొని ఉండరు.

పసుపు ఫిల్టరు చేసే పనల్లా నీలాన్ని ఆపడమే. ఆకుపచ్చను చూడగల ఫిల్ము అయితే ఆకాశం కొంత అణగి, మబ్బు కొంత తేలేది. నీలం తప్ప మరొకటి ఎరుగని ఫిల్ముకు పసుపు అద్దం అడ్డం పెట్టడమంటే, ఒంటికన్నువాడి ఆ ఒక్క కంటికీ గంత కట్టడమే. రెట్టింపు కాదు, పది రెట్ల సమయం ఇచ్చినా దానికి చాలి ఉండేది కాదు.

పెన్నాబాట (కడప):

ఎర్రదీపం గారూ, మీరన్నదే నిజం. పెట్టె పక్కన చిన్న అక్షరాలలో నీలికాంతికి ఉద్దేశించినదని ఉంది. కొనేటప్పుడు ధర ఒక్కటే చదివినట్లున్నాను. రెండవ షీటు గొడవ తీరింది. అయితే మొదటి షీటు సంగతి ఇంకా అర్థం కాలేదు. మీటరు పెట్టి కొలిచిన బండే అంత నల్లగా ఎందుకు వచ్చింది? ఎండలో ఉన్న బండకూ నీడలో ఉన్న బండకూ ప్రింటులో పెద్ద తేడా కనబడకపోవడం ఏమిటి? అక్కడ నిలబడి చూస్తే కళ్లు మూసుకుపోయేంత ఎండ.

గుండ్రాయి (సికింద్రాబాదు):

ఆ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. మీటరు ఇంచుమించు మన కంటిలాగా అన్ని రంగులనూ కలిపి కొలుస్తుంది. గండికోట ఇసుకరాయి ఎరుపు; అంటే దానిమీద పడిన వెలుగులోంచి ఎరుపును ఎక్కువగా తిప్పి పంపి, నీలాన్ని చాలావరకు మింగేస్తుంది. "ఇక్కడ బోలెడంత వెలుగు ఉంది" అని మీటరు చెప్పింది నిజమే, కానీ ఆ వెలుగులో మీ ఫిల్ముకు పనికివచ్చే భాగం కొంచెమే. ఆ బండ మీద రెండు మూడు స్టాపులు (ఒక స్టాపు తగ్గితే వెలుగు సగం) తక్కువ పడి ఉంటుందని నా అంచనా. ఆకాశమేమో పూర్తిగా నీలం, ఫిల్ము కోరుకునే మేత అదే.

ఇక ఎండకూ నీడకూ తేడా తగ్గడం గురించి. ఎండలో ఉన్న బండను వెలిగించేది సూర్యుడు. నీడలో ఉన్న బండను వెలిగించేది పైనున్న నీలాకాశం. కాబట్టి నీడలో వెలుగు తక్కువే అయినా అందులో నీలం పాలు ఎక్కువ. నీలం ఒక్కటే చూసే ఫిల్ముకు ఈ రెండింటి మధ్య దూరం మన కంటికి కనబడినంత ఉండదు. రెండూ దగ్గర దగ్గరగా, రెండూ కింది మెట్టు మీదనే పడ్డాయి. ఒక్క సంగతి పరిశీలించి చెప్పండి: లోయ అడుగున నీళ్లలో ఆకాశం ప్రతిబింబించిన చోట మీ ప్రింటులో ఎలా ఉంది?

పెన్నాబాట (కడప):

తెల్లగా మెరుస్తోందండీ. ప్రింటు మొత్తంలో చూడముచ్చటగా ఉన్నది ఆ నీటి చార ఒక్కటే.

అలలదరి (విశాఖపట్నం):

నేను ఫిల్ము మానేసి చాలాకాలమైంది, కాబట్టి కొంచెం మోటుగా అడుగుతున్నాను. ఆ నెగటివును స్కాన్ చేసి, కంప్యూటరులో ఆకాశాన్ని నాలుగు మెట్లు కిందికి దించుకుంటే పోదా? ఇంత చర్చ అవసరమా?

ఎర్రదీపం (హైదరాబాదు):

అలలదరి గారూ, దించవచ్చు, బూడిదరంగు ఆకాశం వస్తుంది. కానీ మబ్బు రాదు. తెల్లమబ్బు అన్ని రంగులనూ పంపుతుంది, అందులో నీలమూ ఉంది. చుట్టూ ఉన్న ఆకాశం నీలాన్నే పంపుతుంది. నీలం ఒక్కటే తూచే తక్కెడలో రెండూ ఇంచుమించు ఒకే బరువు తూగుతాయి. నెగటివులో నమోదు కాని తేడాను స్కానరు ఎక్కడినుంచి తేగలదు? వేరే మబ్బును తెచ్చి అతికించడం వేరే సంగతి, దానికి 160 ఏళ్ల చరిత్ర ఉంది కూడా. ఆ విషయం పాతపలక గారు చెబితేనే బాగుంటుంది.

పాతపలక (చెన్నై):

పిలిచారు కాబట్టి చెబుతాను. పెన్నాబాట గారికి ఎదురైనది 19వ శతాబ్దపు ఛాయాచిత్రకారులందరినీ పీడించిన జబ్బే. ఆనాటి కాగితం నెగటివులకు గానీ, తడి కొలోడియన్ గాజు పలకలకు గానీ నీలమూ అంతకు పైనున్న ఊదా కిరణాలూ తప్ప తక్కిన రంగులు దాదాపుగా ఆనేవి కావు. నేలకు సరిపోయేంత సమయం ఇస్తే ఆకాశం మాడిపోయేది. మద్రాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారుడిగా 1857–58లో మదురై, తంజావూరు, తిరుచిరాపల్లి తిరిగిన లినియస్ ట్రైప్ పెద్ద కాగితం నెగటివుల మీద తీసేవాడు; ఖాళీగా వచ్చిన ఆకాశంలో మబ్బులను ఆ నెగటివు మీదే కుంచెతో దిద్దేవాడు. అదే కాలంలో ఫ్రాన్సులో గుస్తావ్ లె గ్రే తన సముద్ర దృశ్యాలలో కొన్నింటికి నీటికొక నెగటివు, ఆకాశానికొక నెగటివు తీసి, రెండింటినీ ఒకే కాగితం మీద ప్రింటు వేశాడు. అలలదరి గారి ఆలోచన కొత్తదేమీ కాదు.

సామ్యూల్ బోర్న్ 1866లో హిమాలయాలలో 18 వేల అడుగులకు పైబడిన మణిరంగ్ కనుమ దగ్గర చిత్రాలు తీసినప్పుడు, ఆ చలిలో గుడారం వేసుకుని, గాజు పలక మీద రసాయనం పోసి, అది తడి ఆరకముందే తీసి, అక్కడికక్కడే కడగవలసి వచ్చింది. మీరు ఎర్ర దీపం కింద తాపీగా ఫిల్ము కోసుకోగలిగారంటే, దానికి ఎరుపు కనబడకపోవడమే కారణమని మరచిపోకండి. ఆకాశంలో శాపమైనదే డార్క్‌రూములో వరం. మన హైదరాబాదు సంగతే చూడండి: ఆరవ నిజాం దగ్గర ముసవ్విర్ జంగ్ బిరుదు పొందిన రాజా దీన్‌దయాళ్ కాలానికి పొడి పలకలు వచ్చి గుడారం బాధ తప్పింది గానీ, ఆనాటి సాధారణ పలకలకు కూడా ఎరుపు ఆనేది కాదు.

మార్గం చూపినది జర్మన్ రసాయన శాస్త్రవేత్త హెర్మన్ ఫోగెల్. పొరలో తగిన రంగుపదార్థం కలిపితే పలకకు ఇతర రంగులు కూడా ఆనుతాయని ఆయన 1873లో కనిపెట్టాడు. అన్ని రంగులూ ఆనే పాన్‌క్రొమాటిక్ పలకలను ఇంగ్లండులో రాటెన్ అండ్ వైన్‌రైట్ సంస్థ 1906లో అమ్మకానికి పెట్టింది.

సియెర్రాతెలుగు (ఫ్రెస్నో, కాలిఫోర్నియా):

పాతపలక గారు ఆపినచోట నేను అందుకుంటాను; మా ఊరినుంచి యోసెమిటి కొండలోయ దగ్గరే, సెలవు దొరికితే 4×5 భుజాన వేసుకుని అక్కడే తిరుగుతుంటాను. పాన్‌క్రొమాటిక్ పలకతో ఆకాశాన్ని ఏం చేయవచ్చో అందరికీ తెలిసివచ్చిన చిత్రం ఇక్కడే పుట్టింది. 1927 ఏప్రిల్ 10న అమెరికన్ ఛాయాచిత్రకారుడు ఆన్సెల్ ఆడమ్స్ 6½×8½ అంగుళాల కెమెరా, పన్నెండు గాజు పలకలు మోసుకుని మంచులో పైకి ఎక్కి హాఫ్ డోమ్ కొండ ముఖానికి ఎదురుగా నిలబడేసరికి రెండే పలకలు మిగిలాయి. మొదటి దానిని పసుపు ఫిల్టరుతో తీశాడు. తీసిన వెంటనే, తన మనసులో ఉన్న బరువైన కొండా నల్లటి ఆకాశమూ ఈ పలకలో రావని గ్రహించి, చివరి పలకకు ముదురు ఎరుపు 29వ నంబరు ఫిల్టరు పెట్టాడు. ఆ ఫిల్టరుకు పదహారు రెట్ల సమయం కావాలి. ఆ ఆకాశం ప్రింటులో దాదాపు నల్లగా నిలిచింది.

అయితే అందరూ ఎర్ర ఫిల్టరు కొనడానికి పరుగెత్తకముందు ఒక మాట. గుండ్రాయి గారు చెప్పిన సూత్రమే ఇక్కడ తిరగబడుతుంది. నీడలను వెలిగించేది నీలాకాశమైతే, ఆ నీలాన్ని ఆపే ఫిల్టరు ఆకాశంతోపాటు నీడలను కూడా తొక్కేస్తుంది. నేను మొదటి ఏడాది తీసిన నెగటివులలో సగం ఇలాగే పోయాయి: ఆకాశం ఘనంగా ఉంది, చెట్ల కింద ఏమీ లేదు. ఫిల్టరు పెట్టె మీద రాసిన రెట్లు ఎండ పడిన వస్తువుకు సరిపోతాయి. నీడలో వివరం కావాలంటే ఇంకొక స్టాపు ఇవ్వాలి. గండికోట వంటి ఎర్ర రాతి చోట నేనైతే నారింజ ఫిల్టరు దగ్గరే ఆగిపోతాను. ఎరుపు పెడితే బండ సున్నం కొట్టినట్లు తేలిపోయే ప్రమాదం ఉంది.

ఇంకొకటి. ఆకాశం నలుపంతా ఫిల్ములోనే పుడుతుందనుకోవద్దు. 1941లో ఆడమ్స్ హెర్నాండెజ్ గ్రామం మీద చంద్రోదయం తీసిన నెగటివుకు తొలినాళ్లలో వేసిన ప్రింట్లలో ఆకాశం లేతగా, మబ్బు చారలతో ఉంటుంది. తరువాతి దశాబ్దాల ప్రింట్లలో అదే ఆకాశం కాటుక పూసినట్లుంటుంది. నెగటివు ఒక్కటే, ప్రింటు వేసేటప్పుడు ఆకాశం మీద కాంతిని ఇంకాసేపు పోసింది చేతులు.

గుండ్రాయి (సికింద్రాబాదు):

సియెర్రాతెలుగు గారి లెక్కతో నాకు పేచీ లేదు గానీ, తెల్ల ఆకాశాన్ని ఇందరం కలిసి దోషిగా నిలబెట్టడం నాకు నచ్చలేదు. 1861లో కార్ల్టన్ వాట్కిన్స్ అనే ఛాయాచిత్రకారుడు అదే యోసెమిటిలో 18×22 అంగుళాల గాజు పలకల మీద తీసిన కొండలను చూడండి. ఆకాశం ఖాళీయే. కానీ ఆ ఖాళీ మీద కొండ అంచు కలంతో గీసినంత తేటగా కనబడుతుంది. చూపు పైకి పోవడానికి ఏమీ లేదు కాబట్టి రాతి మీదనే నిలుస్తుంది. నల్లటి ఆకాశం మొదటిసారి చూస్తే ఒళ్లు జలదరిస్తుంది, పదోసారి చూస్తే నాటకంలా ఉంటుంది.

నేను ఇరవై ఏళ్లుగా హైదరాబాదు చుట్టుపక్కల గుండ్లు తీస్తున్నాను. మా రాయి బూడిదరంగు గ్రానైటు, ఎరుపు చాలా తక్కువ. నీలి ఎక్స్‌రే ఫిల్ము దానిమీద ముచ్చటగా పనిచేస్తుంది, ముఖ్యంగా మబ్బు పట్టిన రోజున. పెన్నాబాట గారూ, ఆ పెట్టెను పారేయకండి. తప్పు ఫిల్ముది కాదు, ఎర్ర రాయికీ దానికీ పొంతన కుదరలేదు, అంతే.

పెన్నాబాట (కడప):

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. గండికోటకు పాన్‌క్రొమాటిక్ షీటే తీసుకువెళ్తాను. ఎఫ్‌పీ4 ప్లస్ అనే ఆ రకం ఫిల్ము నాలుగు షీట్లు ఒక మిత్రుడు ఇస్తానన్నారు. ఎక్స్‌రే పెట్టెను మా ఊరి బయట నల్ల బండల కోసం ఉంచుకుంటాను. మరో రెండు బాధలు ఉన్నాయి. మా కుళాయి నీళ్లు ఇప్పుడు 34 డిగ్రీలు; ఫిల్ము కడిగితే పొర మెత్తబడి ఎక్స్‌రే షీట్ల మీద గోటి గీతలు పడుతున్నాయి. రెండవది, దగ్గరి రాయీ దూరపు గోడా రెండూ స్ఫుటంగా రావాలని లెన్సును ముందుకు వంచితే ఎడమవైపు కోట గోడ పైభాగం మసకబారింది.

ఎర్రదీపం (హైదరాబాదు):

గీతల సంగతి ముందు. ఎక్స్‌రే ఫిల్ముకు రెండు వైపులా పొర ఉంటుంది, అందుకే ట్రే అడుగుకు రాసుకున్నా గీత పడుతుంది. ట్రేలో నున్నటి గాజు పలక పరిచి, దానిమీద ఒకసారికి ఒకే షీటు వేసి, ట్రేను ఒక మూల ఎత్తి దించుతూ కడగండి. వేళ్లతో తిప్పకండి.

34 డిగ్రీల దగ్గర కడగడం మాత్రం మానండి. డీ-76 డెవలపరును అంతే నీళ్లతో కలిపినప్పుడు ఎఫ్‌పీ4కు 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. 24 డిగ్రీలకు వస్తే అది సుమారు 8 నిమిషాలకు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే సమయం 5 నిమిషాల కిందికి పడిపోయి, ఆకాశం వంటి చదునైన చోట మరకలు మరకలుగా తేలుతుంది. ఇన్ని తిప్పలు పడి తెచ్చుకున్న ఆకాశం అలా పోతే ఎవరిని తిట్టుకుంటారు?

ఐసు ముక్కలను నేరుగా డెవలపరులో వేయవద్దు, పలచబడుతుంది. మీది కడప కాబట్టి మీకొక అదృష్టం ఉంది. అక్కడి ఎండ పొడి ఎండ. రాత్రి మట్టికుండలో పోసిపెట్టిన నీళ్లు తెల్లవారేసరికి 24 డిగ్రీలకు అటూ ఇటూగా చల్లబడతాయి. ఆ నీళ్లతోనే డెవలపరు కలిపి, ఆ నీళ్లు పోసిన పెద్ద తొట్టిలో ట్రేను నిలబెట్టి, తెల్లవారుజామున కడగండి. విశాఖలో ఈ ఉపాయం పారదు. గాలిలోనే తడి ఉంటే కుండ చెమర్చదు. ఇంకొక జాగ్రత్త: డెవలపరు 24లో ఉంటే హైపో, కడిగే నీళ్లు కూడా దాని దరిదాపుల్లోనే ఉండాలి. చల్లటి దానిలోంచి తీసి వేడి దానిలో ముంచితే పొర ముడతలు పడుతుంది.

గుండ్రాయి (సికింద్రాబాదు):

లెన్సు వంచడం గురించి. లెన్సును వంచితే స్ఫుటంగా ఉండే తలం కూడా వంగి, మీ కాళ్ల దగ్గరినుంచి దూరంగా నేల మీద పరుచుకుంటుంది. చదునైన బండ, చెరువు, పొలం అయితే దానికి మించిన ఉపాయం లేదు. లోయలో నేల ఎక్కడుందండీ? అటూ ఇటూ నిటారు గోడలే. వంచిన తలం గోడ కింది భాగాన్ని పట్టుకుని పై భాగాన్ని వదిలేస్తుంది. కాబట్టి లెన్సును నిటారుగానే ఉంచి, దగ్గరి రాతికీ దూరపు గోడకూ మధ్య ఫోకసు పెట్టి, ఎఫ్ 32కు గానీ 45కు గానీ మూయండి. 4×5లో అంతవరకు మూసినా ప్రింటులో పెద్ద నష్టం కనబడదు. సమయం సెకను దాటితే మాత్రం ఫిల్ము మందగిస్తుంది: మీటరు 10 సెకన్లు చూపితే ఎఫ్‌పీ4కు సుమారు 18 ఇవ్వాలి, 30 చూపితే 70 పైచిలుకు.

పెన్నాబాట (కడప):

మూడు వారాల తరువాత మళ్లీ వస్తున్నాను. నాలుగు షీట్లలో రెండు దక్కాయి. ఒక షీటు హోల్డరులో తిరగబడి ఉంది. చీకట్లో అంచు మీది గంట్లు కుడివైపు పైన తగలాలన్న సంగతి వేళ్లకు ఇంకా అలవాటు కాలేదు. మరొకదానికి ఫిల్మును కప్పి ఉంచే డార్క్‌స్లైడు తీయడమే మరచిపోయాను.

దక్కిన రెండింటి లెక్క ఇది. లోయ గోడ నీడభాగాన్ని స్పాట్ మీటరుతో కొలిచి, ఐఎస్‌ఓ 50గా పెట్టుకుంటే ఎఫ్ 22 దగ్గర 1 సెకను చూపింది. నీడ నీడలాగానే ఉండాలి కాబట్టి రెండు స్టాపులు తగ్గిస్తే పావు సెకను. నారింజ ఫిల్టరుకు రెండు స్టాపులు కలిపితే మళ్లీ 1 సెకను. సియెర్రాతెలుగు గారు చెప్పిన అదనపు స్టాపుతో 2 సెకన్లు. ఎఫ్ 32కు మూసినందుకు 4, ఫిల్ము మందగింపు కలుపుకొని ఇంచుమించు 6 సెకన్లు. గాలికి ఒక తుమ్మకొమ్మ కదిలి మసకబారింది, తక్కినదంతా నిలిచింది.

కుండనీళ్లు 25 డిగ్రీల దగ్గర ఉంటే ఏడున్నర నిమిషాలు కడిగాను. ప్రింటులో ఆకాశం మధ్యస్థమైన బూడిదరంగు, దానిమీద రెండు మబ్బు తునకలు. బండ పొరలు ఒకదానిమీద ఒకటి పేర్చిన పుస్తకాల అంచుల్లా విడివిడిగా కనబడుతున్నాయి, నీడలో ఉన్నవి కూడా. నీటి చార మాత్రం మొదటి ప్రింటులో ఉన్నంత మెరుపుగా లేదు. రెండు ప్రింట్లనూ పక్కపక్కన పెట్టి మా నాన్నగారికి చూపిస్తే ఆయన చాలాసేపు చూసి, నీళ్లు తెల్లగా ఉన్న పాతదాన్నే తీసుకుని పటం కట్టించమన్నారు.

గుండ్రాయి (సికింద్రాబాదు):

మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పండి.